పదో అక్షరం

శామీర్‌పేట అవతల ఒక ఫామ్‌హౌస్ షెడ్డులో
యూరియా సంచుల వెనక దొరికింది.
హెడ్‌లైటు లేదు, అద్దాలు లేవు, హారన్ లేదు,
నెంబరు ప్లేటు ఉండాల్సిన చోట
ఎండి బిగుసుకున్న ఎర్రమట్టి.
"ఇది రోడ్డు మొఖం చూడలే సార్,
మా చిన్నసారు గుట్టలెక్కనీకి కొన్నడు,
భుజం ఇరిగినంక ఇడిసిపెట్టిండు"
అన్నాడు కాపలా మల్లారెడ్డి,
ఆ భుజంతో తనకేం సంబంధం లేనట్టు.

కాగితాలు అడిగాను.
కోళ్ల దాణా బిల్లు వెనక రాసిన
అమ్మకం రసీదు ఒక్కటే చేతికొచ్చింది.
ముప్పై ఎనిమిది వేలు.
బేరమాడాల్సింది.
కిక్కు కొట్టాక నోరు పెగల్లేదు.

నడపకూడదు కదా,
ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చాం.
అల్వాల్ దగ్గర పోలీసు ఆపి
టార్పాలిన్ ఎత్తి చూసి
ఎవరి నిద్రో చెడగొట్టినవాడిలా
మెల్లగా మళ్లీ కప్పేశాడు.

ముషీరాబాద్ సందులో ఖదీర్ షెడ్డు.
హ్యాండిల్ మెడ దగ్గర కిరోసిన్ గుడ్డతో రుద్దుతుంటే
మట్టి కింద మట్టి, దాని కింద గ్రీజు,
దాని కింద పదిహేడు అక్షరాలు.
కంటాసుపత్రిలో
రోజంతా అక్షరాలు చదివించే ఉద్యోగం నాది,
వీటిలో ఒక్కటీ అర్థం కాలేదు.
ఖదీర్ కాగితం ఆనించి
పెన్సిల్ అడ్డంగా పెట్టి రాశాడు,
చిన్నప్పుడు మేం రూపాయి బిళ్ల మీద రాసినట్టు.
నల్లటి పొడిలోంచి
ఒక్కో అంకె తెల్లగా లేచింది.

"పదో అక్షరం సూడు, అది పుట్టిన సాల్.
కే ఉంది. అంటే పందొమ్మిది."
ఆగి, పెన్సిల్ చెవికి తగిలించి, నవ్వాడు.
"ఇనుముకు కూడ ఎరుకే ఎప్పుడు పుట్టిందో.
మాకు బడిల సారు జనవరి ఒకటి రాసిండు.
ఐదుగురం అన్నదమ్ములం,
అందరం జనవరి ఒకటే."

పుత్లీబౌలిలో ఎడమ అద్దం దొరికింది.
కుడిది వేరే బండిది,
వెనకొచ్చే బస్సుని ఇంకా రానట్టు చూపిస్తుంది.
హారన్ బిగించిన సాయంత్రం
సందులో పిల్లలు
ఒకరి తర్వాత ఒకరు నొక్కి పారిపోయారు.

ఆ తర్వాత నాలుగు నెలలు
నేను సెలవు చీటీలు రాశాను.
నెంబరు లేందే బీమా లేదన్నారు,
బీమా లేందే నెంబరు లేదన్నారు.
పోయిందని ఎవరూ ఫిర్యాదివ్వలేదని
స్టేషన్‌లో రాయించుకు రమ్మన్నారు.
దీన్ని ఎవరూ వెతకట్లేదని
గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు.
ఆ కాగితం మడతపెడుతుంటే
ఎందుకో చేతులు తొందరపడలేదు.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టర్ మేడం
బ్రేకు నొక్కింది, లైటు వేసింది, హారన్ విన్నది.
"ఇన్నేళ్లు ఎక్కడుంది?"
"షెడ్డులో మేడం."
వంగి, మడ్‌గార్డు లోపల పెన్నుతో గీకింది.
ఎంత కడిగినా పోని ఎరుపు
ఫారం మీద చిటికెడు రాలింది.
"షెడ్డులో గుట్టలున్నాయా?"
నేను నేల చూశాను.
ఆమె ఫారాన్ని దులిపి సంతకం చేసింది.

నెంబరు బిగించిన తొమ్మిదో రోజు
నారాయణగూడ సిగ్నల్ దగ్గర
ముందు చక్రం జానెడు గీత దాటింది.
అది ఎప్పుడూ గీతలెరగదు, తప్పు నాదే.
రాత్రికి ఫోన్‌లో చలానా, కింద ఫోటో:
నా వీపు, వంకర అద్దం,
నడుమ ఏ పెళ్లి ఆల్బంలోనూ రానంత స్పష్టంగా
దాని నెంబరు,
తేదీ, గంట, నిమిషం, సెకండ్లతో సహా.

ఖదీర్‌కి చూపించాను.
కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని
రెండు వేళ్లతో పెద్దది చేసి
సెకండ్ల దగ్గర చాలాసేపు ఆగాడు.

"పైసల్ కడితే
ఈ ఫోటో పోతదా?" అనడిగాడు.